ఏటి ఒడ్డున చెక్క ఇల్లు తీసుకుంటున్నారా? రాత్రి ఎలా ఉంటుందో ముందు చూసుకోండి

సెలవులకు నది ఒడ్డున ఇల్లు వెతికేవాళ్లకు చాలాసార్లు చివరికి రెండు మిగులుతాయి. ఒకదాని వరండా మెట్లు దిగితే కాలు నీళ్లలోనే పడుతుంది. రెండోది గట్టు మీద చెట్ల వెనక ఉంటుంది. అక్కణ్నుంచి చూస్తే కొమ్మల సందుల్లో నది కాస్త మెరుస్తుంది, అంతే. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే చేయి దానంతటదే మొదటిదాని మీదకి పోతుంది. నేను కూడా మూడు నాలుగుసార్లు అలాగే బుక్ చేశాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఎక్కువగా రెండోదే తీసుకోమంటున్నాను.

పగలు మనం ఇంట్లో ఉండం. ఇసుకలో కూర్చుంటాం, రాళ్ల మీద నడుస్తాం, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటాం. ఇల్లు కాస్త ఎడంగా ఉన్నా నాలుగడుగులు వేస్తే నది అందుతుంది. ఇంటితో నిజంగా పని పడేది పొద్దు గుంకాకే. చీకట్లో బాత్రూమ్‌కి వెళ్లాలి, చలికి తట్టుకోవాలి, పిల్లల్ని పడుకోబెట్టాలి, వాన మొదలైతే నది ఏం చేస్తోందో తెలుసుకోవాలి. మనం అద్దె కట్టేది ఆ పన్నెండు గంటల కోసమే. అందుకే ఏ రెండు ఇళ్లను పోల్చినా నేను ఒకటే ప్రశ్న వేసుకుంటాను: రాత్రి రెండు గంటలకు ఇక్కడ మా పరిస్థితి ఏమిటి?

నీటి అంచునా, గట్టు మీదా

నీటి అంచున ఉన్న ఇంటి అందం ఇంకే ఇంటికీ రాదు, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. తెల్లవారుజామున కళ్లు తెరవగానే నీటి మీద పొగమంచు మెల్లగా కదులుతూ కనిపిస్తే ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంటుంది. ఇద్దరే వెళ్తున్నప్పుడు, వానలు లేని కాలంలో, ఒకటి రెండు రాత్రుల కోసం అలాంటి ఇల్లు తీసుకోవడంలో తప్పేం లేదు.

అయితే పగలు హాయిగా అనిపించిన ప్రవాహపు చప్పుడు రాత్రికి ఇంకోలా మారుతుంది. మిగతా చప్పుళ్లన్నీ అణిగాక గదిలో అదొక్కటే మిగులుతుంది. కొందరికి అది జోలపాటే, బయటి అలికిడి ఏదీ వినపడకుండా కప్పేస్తుంది కాబట్టి గాఢంగా నిద్రపోతారు. కానీ అదే హోరు పక్కగదిలో పసిపిల్ల ఏడుపునూ కప్పేస్తుంది. ఒకసారి మా అమ్మ రాత్రి లేచి నన్ను పిలిచింది. మా మధ్య ఉన్నది ఒక్క చెక్క గోడే. నాకు వినపడలేదు. తనే చీకట్లో తడుముకుంటూ బయటికి వెళ్లి వచ్చింది, మెట్టు దగ్గర కాలు బెణికింది. మర్నాడు ఆ వాచిన మడమ చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. అప్పటినుంచి పెద్దవాళ్లతో వెళ్తే రాళ్ల మీద హోరెత్తి పారే నీటి పక్కన ఇల్లు తీసుకోవడం మానేశాను.

రెండోది చలి. చల్లటి గాలి బరువుగా ఉంటుంది. చీకటి పడ్డాక అది వాలు వెంట కిందికి జారి లోయ అడుగున, అంటే సరిగ్గా నది దగ్గర చేరుతుంది. గట్టు మీది ఇంటికీ నీటి అంచున ఇంటికీ ఎత్తులో తేడా కొంచెమే ఉన్నా తెల్లవారుజామున ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. దుప్పట్లు చెమ్మగా తగులుతాయి. సాయంత్రం ఆరేసిన తువ్వాలు పొద్దున్నకి ఇంకా తడిగానే ఉంటుంది. ఉబ్బసం, కీళ్లనొప్పులు ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఇక అన్నిటికన్నా పెద్ద సంగతి నీళ్లు పెరగడం. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మిగతావన్నీ ఇబ్బందులు, ఇది ప్రాణాలతో పని.

1976 జూలై 31 సాయంత్రం అమెరికాలోని కొలరాడోలో బిగ్ థాంప్సన్ నది లోయలో కొన్ని గంటల్లోనే దాదాపు 300 మిల్లీమీటర్ల వాన కురిసింది. సెలవులకు వచ్చినవాళ్లతో లోయంతా నిండి ఉంది. 140 మందికి పైగా చనిపోయారు. కార్లెక్కి లోయ రోడ్డు వెంట బయటపడాలని చూసినవాళ్లలో చాలామంది కొట్టుకుపోయారు. కార్లు వదిలేసి పక్కనున్న కొండ ఎక్కినవాళ్లు ఎందరో బతికారు. ఆ తర్వాతే అక్కడి లోయ రోడ్ల పక్కన ‘వరద వస్తే పైకి ఎక్కండి’ అనే బోర్డులు వెలిశాయి. 2025 జూలై 4న టెక్సస్‌లో గ్వాడలూప్ నది ఇంకా తెల్లవారకముందే 45 నిమిషాల్లో దాదాపు 8 మీటర్లు పెరిగింది. ఒడ్డున క్యాబిన్లలో, వేసవి శిబిరాల్లో నిద్రపోతున్నవాళ్లకు లేచి పరిగెత్తే వ్యవధి కూడా దొరకలేదు. ఆ నది వెంట వంద మందికి పైగా పోయారు.

వీటిలో నాకు బాగా పాఠం నేర్పింది మాత్రం స్పెయిన్‌లోని బియెస్కాస్ దగ్గర జరిగింది. 1996 ఆగస్టు 7న అక్కడి క్యాంప్‌సైట్‌లో 87 మంది చనిపోయారు. వాళ్లను ముంచింది పెద్ద నది కాదు. పక్క కొండ మీంచి దిగే ఒక చిన్న వాగు. కొండ దిగిన చోట వాగు ఏళ్ల తరబడి మట్టీ రాళ్లూ తెచ్చిపోసి విసనకర్ర ఆకారంలో పరుస్తుంది. నేల చదునుగా, కూర్చోవడానికి హాయిగా ఉంటుంది. ఆ క్యాంప్‌సైట్ సరిగ్గా అలాంటి నేల మీదే ఉంది. అందుకే ఇప్పుడు మ్యాప్ తెరిస్తే పెద్ద నది ఎంత దూరమో చూసి ఊరుకోను. ఇంటి వెనకనుంచి వచ్చే ఎండిన వాగు ఏదైనా ఉందా అని కూడా చూస్తాను.

కాబట్టి పోల్చాల్సింది దూరాన్ని కన్నా ఎత్తుని. నీటికి యాభై మీటర్ల అవతల, మట్టానికి ఒక్క మీటరు పైన ఉన్న ఇంటికన్నా పదిహేను మీటర్ల దూరంలోనే ఉన్నా, గట్టి బండ మీద బాగా ఎత్తున ఉన్న ఇల్లు మేలు. దానికి తోడు ఇంటి వెనకనుంచి నేరుగా పైకి ఎక్కే కాలిబాట ఉండాలి. ఇంటికి ఉన్న ఒకే ఒక దారి నీటిమట్టానికి కాస్త పైన కట్టిన చప్టా మీంచి పోతుంటే ఫొటోలు ఎంత బాగున్నా నేను తీసుకోను. పారే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్ద మనిషి కాళ్లు తప్పించగలవు. 30 సెంటీమీటర్లయితే చిన్న కారు తేలిపోతుంది, 60 అయితే చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. నది పొంగినప్పుడు ముందు మునిగేది ఆ చప్టాయే.

పాత వరద ఎంతవరకు వచ్చిందో చెప్పడానికి నది తన గుర్తులు తనే వదిలి పోతుంది. చెట్ల కొమ్మల్లో చిక్కుకున్న ఎండుగడ్డి, చెత్త. మొదళ్ల మీద బురద చార. ఒకే వైపుకి వాలిపోయిన పొదలు. ఇంటి గడప ఆ గుర్తులకన్నా కిందుందా పైనుందా చూడండి. ముందు వెళ్లినవాళ్లు రివ్యూల్లో పెట్టిన ఫొటోలు పెద్దవి చేసి చూస్తే ఇవి చాలాసార్లు దొరుకుతాయి. ఓనర్ పెట్టిన ఫొటోలకన్నా వీటినే నేను ఎక్కువసేపు చూస్తాను.

ఏ రకం నది

కొండవాగు, మైదానంలో నిదానంగా పారే పెద్ద నది, డ్యాం దిగువన ఉన్న నది. ఈ మూడిటి తీరు మూడు రకాలు.

కొండవాగు నీళ్లు తేటగా, చల్లగా ఉంటాయి. పక్కన కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. కానీ దాని మూడ్ ఇట్టే మారుతుంది. ఎక్కడో పైన పడిన వాన గంటలోపే మీ దగ్గరికి రావచ్చు, మీ నెత్తిన చుక్క పడకపోయినా సరే. మంచు కరిగి వచ్చే ఏరయితే పొద్దున్న తగ్గి, పగటి ఎండకు కరిగిన నీళ్లు చేరేకొద్దీ సాయంత్రానికో రాత్రికో పెరుగుతుంది. పొద్దున్న రాళ్ల మీద గెంతుతూ అవతలికి వెళ్లినవాళ్లు సాయంత్రం వెనక్కి రాలేక చిక్కుకునేది ఇందుకే. ఈత సంగతి కూడా ఆలోచించండి. నీళ్లు 15 డిగ్రీలకన్నా చల్లగా ఉంటే ఒక్కసారిగా దూకినవాళ్లకి తెలియకుండానే ఊపిరి ఎగపీల్చడం జరుగుతుంది. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే ఎంత ఈతగాడికైనా ప్రమాదమే.

మైదానపు నది అంత తొందరపడదు. వరద వచ్చినా ఎగువ నుంచి కబురు ముందే అందుతుంది, ఒక్కోసారి రోజుల ముందే. పడవ, చేపలు, సూర్యాస్తమయం అంటే ఇష్టమున్నవాళ్లకి ఇదే సరైనది. దీని ఇబ్బంది దోమలు. దోమ నిలవ నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో గుడ్డునుంచి దోమ తయారవుతుంది. వరద తీసిన తర్వాత ఒడ్డున మిగిలిన గుంటలు, పాయలు వాటికి పుట్టిళ్లు. జోరుగా పారే కొండవాగులో దోమలు పెరగలేవు గానీ, పారే నీళ్లలోనే పెరిగే నల్లటి చిన్న ఈగలు కొన్ని ఉన్నాయి. అవి పగటిపూట కుడతాయి, కుట్టిన చోట వాచి రోజుల తరబడి దురద పెడుతుంది. అంటే మైదానపు నది దగ్గర జాగ్రత్త రాత్రికి, కొండవాగు దగ్గర పగటికి. మంచం చుట్టూ దోమతెర, కిటికీలకు మెష్ ఉన్నాయా అని మైదానపు నది పక్క ఇంటి గురించి తప్పకుండా అడగండి.

డ్యాం దిగువన ఉన్న ఇల్లంటే నాకు కొంచెం భయం. కరెంటు తయారీ కోసం నీళ్లు వదిలితే వాన లేకుండానే, ఆకాశం నిర్మలంగా ఉండగానే నది లేస్తుంది. సైరన్ మోగుతుందా, మోగితే ఇంట్లోకి వినపడుతుందా, నీళ్లు వదిలే వేళలు ముందుగా ఎలా తెలుస్తాయి అన్న మూడు ప్రశ్నలకు ఓనర్ తడుముకోకుండా జవాబు చెబితేనే తీసుకోండి.

ఒకే నదిలో కూడా మలుపు దగ్గర ఏ ఒడ్డున ఉన్నామన్నది చూడాలి. మలుపు బయటి వైపు నీళ్లు వేగంగా, లోతుగా ఉండి గట్టును కోస్తుంటాయి. లోపలి వైపు నిదానించి ఇసుక మేట వేస్తాయి. పిల్లలు ఆడుకోవడానికి లోపలి వైపు తిన్నె ఎంతో బాగుంటుంది. కానీ ఆ వైపు నేల పల్లంగా ఉంటుంది కాబట్టి నది పెరిగితే ముందు మునిగేదీ అదే. బయటి వైపు ఎత్తుగా ఉన్నా గట్టు కోసుకుపోతోందేమో చూడాలి. వేర్లు బయటపడి నది వైపు ఒరిగిన చెట్లు కనిపిస్తే కోత నడుస్తోందని అర్థం. నా ఎంపిక: లోపలి వైపే, కానీ తిన్నె మీద కాకుండా దాని వెనక మెరకలో.

ఎంత సాదాగా ఉండగలరు

‘సాదా చెక్క ఇల్లు’ అని రాసి ఉన్న ప్రకటనల్లో మూడు రకాల ఇళ్లు కలిసిపోయి ఉంటాయి. చూడ్డానికి మాత్రమే పాతకాలపు తీరులో ఉండి, లోపల గీజర్, ఫ్రిజ్, ఏసీ అన్నీ ఉన్నవి ఒక రకం. కరెంటు, కుళాయి ఉండి మిగతావి మనమే చూసుకోవాల్సినవి రెండో రకం. కరెంటు లేదు, నీళ్లు మోసుకోవాలి, పొయ్యి రాజేసుకోవాలి, ఇది మూడోది. ఫొటోల్లో ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే వివరాలు చదవకుండా అడ్వాన్స్ కట్టకండి.

మూడో రకం ఇంట్లో ఉండటం ఒక పని. నాకు ఆ పని ఇష్టం. కట్టెలు చీల్చడం, లాంతరు వత్తి సరిచేయడం, కెటిల్ నిప్పు మీద పెట్టి కూర్చోవడం, వీటిలో పడితే ఫోన్ గుర్తు రాదు. కానీ ఇంటి పనులతో ఏడాదంతా అలసిపోయిన మనిషిని అక్కడికి తీసుకెళ్లి ‘చూడు ఎంత ప్రశాంతంగా ఉందో’ అనడం న్యాయం కాదు. నీళ్లు ఎవరు మోస్తారు, గిన్నెలు ఎవరు తోముతారు అన్నది బయలుదేరకముందే మాట్లాడుకోవాలి. చాలా కుటుంబాలకు రెండో రకమే సరిపోతుందని నా అభిప్రాయం.

మొదట చూడాల్సింది బాత్రూమ్. లోపలే ఉందా, బయట ఉందా? బయట ఉంటే ఎన్ని అడుగులు, దారిలో లైటు ఉందా, వానలో జారుతుందా, తలుపుకి లోపలినుంచి గొళ్లెం ఉందా? కమోడ్ ఉందో లేదో కూడా అడగండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇదొక్కటే ట్రిప్‌ని నిలబెడుతుంది లేదా చెడగొడుతుంది. కొన్నిచోట్ల నీళ్లు పోయకుండా, వాడిన ప్రతిసారీ రంపపు పొట్టు చల్లే కంపోస్ట్ టాయిలెట్లు ఉంటాయి. సరిగ్గా చూసుకుంటే వాసన రాదు, నదికీ మేలు. కొత్తవాళ్లకి మొదటి రోజు వింతగా ఉంటుంది, రెండో రోజుకి అలవాటైపోతుంది. సెప్టిక్ ట్యాంక్ నీటి అంచుకి మరీ దగ్గరగా ఉన్న ఇంటిని మాత్రం నేను వద్దంటాను. అక్కడ మన పిల్లలు ఈదేది ఆ నీళ్లలోనే.

తాగే నీళ్ల విషయంలో ‘నది నీళ్లు అద్దంలా ఉంటాయి’ అన్న మాట నమ్మకండి. తేటగా కనిపించే నీళ్లలో కూడా సూక్ష్మజీవులు ఉంటాయి, ఎగువన పశువులు దిగుతుంటాయి. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం పాటు మరిగించాలి. సముద్ర మట్టానికి 2000 మీటర్లకన్నా ఎత్తైన చోట నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి మూడు నిమిషాలు. అదంతా ఎందుకనుకుంటే మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన క్యాన్లు వెంట తీసుకెళ్లండి. సబ్బుతో స్నానాలు, గిన్నెలు తోమడం నదికి కనీసం 60 మీటర్ల ఎడంగా చేయండి. నదిలో చేపలున్నాయి, దిగువన మనుషులున్నారు.

కరెంటు సోలార్‌దే అయితే ‘సోలార్ ఉంది’ అన్న జవాబుతో తృప్తి పడకండి. దేనికి సరిపోతుందో అడగండి. లైట్లకీ ఫోన్ చార్జింగ్‌కీ సరిపోయే బ్యాటరీ మీద 1500 వాట్ల కెటిల్ పెడితే ఇల్లంతా చీకటైపోతుంది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో ఉండేది దాదాపు 37 వాట్-అవర్లే, ఫోన్‌ని ఒకటి రెండుసార్లు నింపడానికి సరిపోతుంది. రాత్రంతా ఆక్సిజన్ మెషీన్ కావాల్సినవాళ్లు, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టుకోవాల్సినవాళ్లు ఉంటే పూర్తి కరెంటు, దానికి బ్యాకప్ ఉన్న ఇల్లే తీసుకోండి. ఇందులో సర్దుబాటు వద్దు.

చలికాలం వెళ్తుంటే గది ఎలా వెచ్చబడుతుందన్నది ఇంకో పోలిక. కట్టెల పొయ్యి అందం వేరు, కానీ కట్టె ఆరి ఉండాలి. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉండొచ్చు, అది పొగే తప్ప వేడి ఇవ్వదు. రెండు దుంగలు ఒకదానికొకటి కొడితే ఖంగుమనాలి, మొద్దుగా ‘దబ్’ మంటే అది ఆరలేదు. ఏ పొయ్యి అయినా పొగగొట్టం పైకప్పు దాటి బయటికి వెళ్లాలి. బొగ్గుల కుంపటి మంచం పక్కన పెట్టుకుని తలుపులేసి పడుకోవడం ఎప్పుడూ చేయకండి. బొగ్గునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు, నిద్రలో ఉన్న మనిషికి తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. చిన్న అలారం దొరుకుతుంది, బ్యాటరీతో పనిచేస్తుంది. పొయ్యి ఉన్న ఇంటికి వెళ్లేటప్పుడు నేను నాదే పట్టుకెళ్తాను.

గోడలు, కప్పు

దీని మీద ఎక్కువ ఆలోచించక్కర్లేదు. దుంగల గోడలు పగటి వేడిని పట్టి ఉంచి రాత్రి మెల్లగా వదులుతాయి, చలికి బాగుంటాయి. పలచటి పలకల ఇల్లు త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. వెదురు ఇల్లు ఎండాకాలానికి హాయి, గాలి ఆడుతుంది, కానీ మాటలన్నీ పక్కవాళ్లకి వినపడతాయి. రాతి ఇల్లు దృఢమే గానీ చలికాలం తెరిచిన మొదటి రాత్రి వెచ్చబడదు. రేకుల కప్పు మీద వాన పడితే కొందరికి పండగ, పసిపిల్లలకి భయం. స్తంభాల మీద నిలబెట్టిన ఇల్లయితే కింద గాలి ఆడి చెమ్మ తగ్గుతుంది, పాములూ ఎలుకలూ అంత సులువుగా లోపలికి రావు. కానీ మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి కమ్మీ ఉందో లేదో ఫొటోలో చూడండి.

విడి ఇల్లా, నాలుగిళ్లలో ఒకటా

ఎవరూ లేని చోట ఒంటరి ఇల్లు చాలామంది కల. రెండు మూడు ఇళ్లు దగ్గరదగ్గరగా ఉండి, ఓనరో కాపలా మనిషో అక్కడే ఉండేది ఇంకో రకం. మొదటిసారి వెళ్లేవాళ్లందరికీ నేను రెండోదే చెబుతాను. నది సంగతి నిజంగా తెలిసినది అక్కడ ఏళ్లుగా ఉంటున్న మనిషికే. నీళ్లు ఎర్రబడితే ఏమిటో, రాళ్లు దొర్లే చప్పుడు ఎటునుంచి వస్తోందో, నీళ్లు ఉన్నట్టుండి తగ్గిపోతే ఎగువన ఏదో అడ్డం పడి ఉండొచ్చని, అది తెగితే ఒక్కసారిగా వచ్చి పడుతుందని ఆయనకి తెలుస్తుంది. అర్ధరాత్రి తలుపు కొట్టి లేపే మనిషి ఒకరుండటం ఏ సౌకర్యానికన్నా ఎక్కువ. లోయల్లో ఫోన్ సిగ్నల్ సరిగ్గా అందదు కాబట్టి ఫోన్ ఉందిగా అనుకోవడానికీ లేదు. ఏ నెట్‌వర్క్ అందుతుంది, ఇంట్లోనా లేక ఎంత దూరం ఎక్కితే అందుతుంది, దగ్గర్లో ఆసుపత్రి ఎన్ని నిమిషాల ప్రయాణం అన్నవి అడిగి కాగితం మీద రాసుకోండి.

ఎవరికి ఏది

ఈత రాని, ఐదారేళ్లలోపు పిల్లలతో వెళ్తుంటే గట్టు మీది ఇల్లు, అదీ నది వైపు కంచో గేటో ఉన్నది. వరండాలోంచి నేరుగా నీళ్లలోకి మెట్లున్న ఇంట్లో తల్లిదండ్రులకి ఒక్క నిమిషం కూడా విశ్రాంతి ఉండదు. మంచి చోటుకి వెళ్లి కూడా రోజంతా టెన్షన్ పడుతూ గడపాల్సి వస్తుంది. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే నిదానంగా పారే నది, లోపలే బాత్రూమ్, మెట్లు తక్కువ, కారు గుమ్మం దాకా వచ్చే దారి. వాళ్లకి వరండాలో ఒక మంచి కుర్చీ ఉంటే చాలు, నదిని చూస్తూ సాయంత్రాలు గడిపేస్తారు.

స్నేహితుల గుంపయితే సాదా ఇల్లు బాగా కుదురుతుంది, పనులు పంచుకోవచ్చు. ఒకే ఒక్క సంగతి, ఇంట్లో ఎంతమంది పడుకోవచ్చని రాశారో చూసి ఊరుకోకుండా ఎన్ని మంచాలు, ఎన్ని బాత్రూమ్‌లు అని అడగండి. ఒంటరిగా రాసుకోవడానికో చదువుకోవడానికో వెళ్లేవాళ్లు నీటికి మరీ దగ్గరగా వద్దనుకోవడమే మంచిది. ఆ హోరు మొదటి రోజు తోడుగా ఉంటుంది, నాలుగో రోజుకి బుర్ర అలసిపోతుంది. చెట్ల వెనక, నది సన్నగా వినపడేంత దూరంలో వారం రోజులైనా ఉండొచ్చు.

కొత్తగా పెళ్లయిన మా చెల్లెలు నా సలహా పక్కన పెట్టి నీటి అంచున ఉన్న ఇల్లే తీసుకుంది. వానలు వెళ్లిపోయిన నెల, ఎత్తైన బండ, వెనక కాలిబాట, పక్కనే కాపలా మనిషి. అన్నీ చూసుకునే వెళ్లింది. తిరిగొచ్చి పొద్దున్నే చూసిన పొగమంచు గురించి గంటసేపు చెప్పింది. అలా చూసుకుని వెళ్లేవాళ్లకి నేను ఎందుకు అడ్డం చెప్పాలి?

బుక్ చేసే ముందు ఒక్క ఫోన్

మెసేజ్‌లు పంపడం కన్నా ఓనర్‌తో ఒకసారి మాట్లాడండి. పోయిన వానాకాలంలో నీళ్లు ఎంతవరకు వచ్చాయి అని సూటిగా అడగండి. ‘ఆ మెట్టు దాకా వచ్చాయి’ అని చెప్పే మనిషిని నమ్మొచ్చు. ‘ఇక్కడ అలాంటివేం ఉండవు’ అని తేల్చేసేవాళ్ల దగ్గర నేను ఆగిపోతాను. వాతావరణ హెచ్చరిక వస్తే డబ్బు వెనక్కి ఇస్తారా, తేదీ మారుస్తారా అన్నది కూడా ముందే తేల్చుకోండి. ఒకసారి భారీ వాన హెచ్చరిక ఉన్నా, కట్టిన డబ్బు పోతుందని బయలుదేరి వెళ్లాం. రాత్రంతా ఒకరి తర్వాత ఒకరం మేలుకుని టార్చ్‌తో మెట్లు లెక్కపెడుతూ కూర్చున్నాం. తెల్లారేసరికి మూడు మెట్లు మునిగాయి. ఏమీ కాలేదు, కానీ పిల్లల్ని పక్కన పెట్టుకుని అలాంటి రాత్రి మళ్లీ గడపను. అందుకే ఇప్పుడు క్యాన్సిలేషన్ సులువుగా ఉన్న ఇంటికి కాస్త అద్దె ఎక్కువైనా ఇస్తాను.

ఏ ఇల్లు తీసుకున్నా, పొద్దుండగానే చేరుకునేలా బయలుదేరండి. సామాన్లు దించగానే అందరూ కలిసి ఇంటి వెనక కాలిబాట మీద పైకి నడిచి రండి, పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. దిగేటప్పుడు ఎక్కడ రాయి కదులుతోందో, ఎక్కడ మలుపో వాళ్లనే చూపించమనండి. కారుని బయటికి పోయే దిక్కుకి తిప్పి పెట్టండి. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, పడుకోబోయే ముందు ఒకసారి వెళ్లి చూడండి. టార్చ్ దిండు పక్కన, చెప్పులు మంచం కింద పెట్టుకోండి. ఇవన్నీ అయ్యాక దీపం ఆర్పేసి వరండాలో కాసేపు కూర్చోండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత గట్టు మీది ఇంట్లోంచి కూడా నది చక్కగా కనిపిస్తుంది.